కడలి, జాబిలి, ఒక గేయం: "బాగుంది" అన్నాక ఇంకేమి చెప్పాలి?

మీరు అడిగింది ఇది. మీ సాహితీ మిత్రుల సమావేశంలో ఒక కొత్త కవి కడలి మీద, జాబిలి మీద రాసుకున్న గేయం పాడి వినిపించారు. విన్నవారంతా "అద్భుతం", "వెన్నెల్లో తడిపేశారు", "భావుకత పొంగిపొర్లింది" అన్నారు. మీకూ నచ్చింది, కానీ ఎందుకు నచ్చిందో మాటల్లో పెట్టలేకపోయారు. పైగా రెండో చరణం దగ్గర మనసు జారిపోయింది. ఆ సంగతి చెబితే కవి నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నారు. ఇలాంటి గేయాన్ని మెచ్చుకోవడం ఎలాగన్నది మీ ప్రశ్న. మీరు పంపిన గేయం పన్నెండు పాదాలే కాబట్టి, చదివేవారి కోసం ముందు దాన్ని ఇక్కడ ఉంచుతున్నాను.

రేయి కడలికి రెప్ప పడదట
నింగి వాకిట నిలిచె జాబిలి
అలల చేతుల అందలేనిది
ముక్కలై నా పాదమంటెను

సందె వెలుగులు సద్దుమణిగెను
వార్ధి వీడెను వంక జాబిలి
భీమిలొడ్డున పిల్లగాలికి
కడలి కప్పెను కాంతి దుప్పటి

కన్నతండ్రికి కంట నీళ్ళట
పెరిగి వెళ్ళిన బిడ్డ కోసం
పోటు పోటున పొంగి పొంగీ
ఇసుకలోనే ఇంకుతున్నవి

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి చరణం మంచిది. మూడోది చాలా మంచిది. రెండోదాన్ని ఛందస్సు తెలిసిన చెయ్యి రాసింది, కన్ను మాత్రం ఆ పూట సెలవులో ఉంది. మీ మనసు సరిగ్గా ఎక్కడ జారాలో అక్కడే జారింది.

"అద్భుతం" అనడంలో తప్పేమీ లేదు. దాని చిక్కల్లా అది ఏ గేయానికైనా సరిపోతుంది. వెన్నెల్లో తడవడం కూడా అంతే, చంద్రుడున్న ప్రతి పాటకూ ఆ మాట అతుకుతుంది. కడలీ జాబిలీ అనగానే వినేవాడి మనసులో సగం పని ముందే జరిగిపోతుంది. ఆ రెండు మాటలకూ ఎన్నో తరాల వెన్నెల పట్టి ఉంది. సంస్కృత అలంకారికుడు దండి తన కావ్యాదర్శంలో మహాకావ్యంలో ఉండవలసిన వర్ణనలు చెబుతూ నగరం తరవాత సముద్రాన్నే చెప్పాడు, కొండనూ ఋతువులనూ దాటగానే చంద్రోదయం చెప్పాడు. మన ప్రబంధాల్లో విరహిణి చంద్రుణ్ణి తిట్టడానికి చంద్రోపాలంభం అని ఒక ఘట్టమే ఉంటుంది. నీ పుట్టిల్లు సముద్రం కదా, అక్కడే హాలాహలం పుట్టింది, అక్కడే బడబాగ్ని ఉంది, ఇక నీకు చల్లదనం ఎక్కడిది అని నిలదీస్తుంది. నాకు ఆ తిట్లంటే ఇష్టం. మెచ్చుకోలు పద్యాలకన్నా వాటిలోనే తెలివి ఎక్కువ కనిపిస్తుంది. చెప్పవచ్చిందేమిటంటే, ఇంత అరిగిన వస్తువు మీద రాసిన గేయంలో విన్నవాడికి కలిగిన ఆనందం ఎంతవరకు ఈ కవిది, ఎంతవరకు పాత ఆస్తి అన్నది తేల్చుకోవాలి. ఈ కవిదే అయిన భాగాన్ని పాదం పేరు పెట్టి చూపించగలిగితే అది మెచ్చుకోలు అవుతుంది.

దానికి మొదట చేయవలసిన పని, గేయాన్ని రాగం లేకుండా చదవడం. మీరు పాడగా విన్నారు. గొంతు బాగుంటే గాయకుడు చాలా లోపాలు దాచేస్తాడు. చాలని చోట అక్షరాన్ని సాగదీస్తాడు, ఎక్కువైన చోట మింగేస్తాడు. కాగితం మీద పెట్టుకుని, వేలితో బల్ల మీద దెబ్బ వేస్తూ చదవండి. రేయి – కడలికి, రెప్ప – పడదట. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్ళీ మూడు, మళ్ళీ నాలుగు. మాత్ర అంటే లఘువును, అంటే పొట్టి అక్షరాన్ని, పలికేంత కాలం. గురువుకు రెండు మాత్రలు. తకిట తకధిమి, తకిట తకధిమి. దీన్ని మిశ్రగతి అంటారు. రగడలనే మాత్రల లెక్క పద్యాల్లో వృషభగతి అన్న రకం నడిచేది ఇలాగే. 1910లో గురజాడ ముత్యాలసరాలకు తీసుకున్నదీ ఈ మూడు నాలుగుల నడకే. ఈ కవి పన్నెండు పాదాల్లో ఎక్కడా ఒక్క మాత్ర కూడా తప్పలేదు. కొత్తవారిలో ఇది అరుదు. ఈ ఒక్క సంగతి చెప్పినా ఆయన మిమ్మల్ని మరచిపోరు.

ఇక్కడ ఒక చిన్న విషయం. కడలి అంటే మూడు లఘువులు, మూడు మాత్రలు. జాబిలి అంటే ఒక గురువు రెండు లఘువులు, నాలుగు మాత్రలు. కడలి, జాబిలి అని పక్కపక్కన పెడితే చాలు, మిశ్రగతి దానంతటదే నడవడం మొదలుపెడుతుంది. సముద్రం అన్నా సాగరం అన్నా ఐదేసి మాత్రలు, ఈ నడకలో కుదురుగా కూర్చోవు. గేయకవులు కడలిని అంతగా ప్రేమించడానికి లెక్కల కారణం కూడా ఉందన్నమాట. ఈ నడక అలకు తగినదని నాకు అనిపిస్తుంది. నాలుగు నాలుగుగా నడిస్తే కవాతులా ఉంటుంది. మూడు, నాలుగు అన్నప్పుడు ఒక అడుగు పొట్టి, ఒక అడుగు పొడుగు, దూసుకువచ్చి నెమ్మదిగా వెనక్కి జారే నీటి తీరు కొంత వినిపిస్తుంది.

ఇప్పుడు మొదటి చరణం. "రేయి కడలికి రెప్ప పడదట" అన్నప్పుడు చివర ఉన్న ఆ "ట"ను వినండి. ఎవరో చెప్పగా విన్న మాటలా మొదలవుతుంది, కథలు చెప్పే అమ్మమ్మ గొంతు అది. నాలుగో పాదానికి వచ్చేసరికి "నా పాదమంటెను". విన్న కథ కాస్తా ఒంటికి తగిలింది. నాలుగు పాదాల్లో అంత దూరం నడిపించడం తేలిక కాదు.

తరవాత యతి చూడండి. రేయి – రెప్ప, నింగి – నిలిచె, అలల – అంద. పాదం సగంలో మొదటి అక్షరానికి జోడీ అక్షరం వచ్చి చెవికి ఊతమిస్తోంది. నాలుగో పాదంలో "ముక్కలై"కి జోడీ లేదు. ము దగ్గర మొదలై పా దగ్గర పడింది, యతి చెల్లలేదు. పన్నెండు పాదాల్లో యతి తప్పింది ఈ ఒక్కచోటే, అదీ ముక్కలవడం గురించి చెబుతున్నచోట. కవి కావాలని చేశారో, చెయ్యి జారిందో మనకు అనవసరం. మూడు పాదాలుగా ఊతానికి అలవాటుపడిన చెవికి అక్కడ చిన్న తొట్రుపాటు తెలుస్తుంది, ఆ తొట్రుపాటు అర్థానికి సాయం చేస్తుంది. ఎవరైనా ఛందస్సు పెద్దలు దీన్ని దిద్దమంటే దిద్దవద్దని చెప్పండి.

అదే పాదంలో ఇంకో తమాషా ఉంది. కాగితం మీద "ముక్కలై నా పాదమంటెను". చెవికి మాత్రం "ముక్కలైనా పాదమంటెను" అని కూడా వినిపిస్తుంది. మొదటిది జాబిలి ముక్కలయ్యి నా పాదాన్ని తాకిందన్న మాట. రెండోది, ముక్కలైపోయినా సరే వచ్చి తాకిందన్న మాట. రెండో అర్థంలో చంద్రుడి పట్టుదల కనిపిస్తుంది. పాడినప్పుడు రెండూ ఒకేసారి అందుతాయి. మీకు ఎందుకు నచ్చిందో చెప్పలేకపోయానన్నారు కదా, చెవి పట్టుకున్నవాటిలో ఇదీ ఒకటి అయి ఉంటుంది.

ఇక ఈ పాదం నిజం కూడా. చంద్రుడు సముద్రం మీద ఉన్నప్పుడు నీటి మీద ఒక వెలుగు దారి పడుతుంది. లక్షల చిన్న అలల వాలుల్లో, మన కంటివైపు వెలుగును తిప్పగల వాలులు మాత్రమే మెరుస్తాయి. అందువల్ల ఆ దారి ఎప్పుడూ చూసేవాడి వైపే వస్తుంది. పక్కన కొంత దూరంలో నిలబడ్డ మనిషికి వేరే దారి కనిపిస్తుంది, అది అతని వైపు వస్తుంది. మీరు నడిస్తే అదీ మీతో నడుస్తుంది. "నా పాదమంటెను" అన్న మాటలో ఆ "నా" ఊరికే పెట్టింది కాదు. ఒడ్డున నిలబడ్డ ప్రతివాడూ అదే మాట అనవచ్చు, అందరిదీ నిజమే. కవి ఈ చరణం ఒడ్డున నిలబడి రాశారని నేను నమ్ముతాను.

రెండో చరణం విషయంలో ఆ నమ్మకం నాకు లేదు. సందె వెలుగు తగ్గింది, సముద్రంలోంచి నెలవంక పైకి వచ్చింది, అది భీమిలి ఒడ్డు. ఇది జరగదు. భీమిలిలో సముద్రం తూర్పు వైపు ఉంటుంది. సాయంత్రం కనిపించే నెలవంక, అంటే విదియనాటిదో తదియనాటిదో, సూర్యుడి వెనకాలే దిగిపోతూ పడమట కనిపిస్తుంది. భీమిలిలో దాన్ని చూడాలంటే సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు తిరగాలి. పైగా అది అప్పుడు ఉదయించదు, అస్తమిస్తూ ఉంటుంది. చీకటిపడే వేళకు మన తీరంలో నీళ్ళలోంచి లేచేది పున్నమి చంద్రుడు. గోవాలోనో కేరళ తీరంలోనో అయితే సంగతి వేరు, అక్కడ సముద్రం పడమట ఉంటుంది కాబట్టి సందె వేళ నెలవంక నీటి మీదే కనిపిస్తుంది, కానీ అక్కడా దిగుతూనే ఉంటుంది. పశ్చిమ తీరం దృశ్యాలు సినిమాల్లో చూసి చూసి మన కవులు తూర్పు తీరాన సూర్యాస్తమయాలు కూడా సముద్రంలో చేయించేస్తున్నారు. ఈమధ్య నా చేతికి వచ్చే గేయాల్లో ఇది ఒక జబ్బులా తయారైంది.

"కవిత్వంలో ఇంత ఖగోళం అవసరమా" అని మీ బృందంలో ఎవరో ఒకరు అంటారు. చకోరం వెన్నెల తాగుతుందంటే నేను లెక్కలు అడగను. అది కవిసమయం, అబద్ధమని చెప్పేవాడికీ వినేవాడికీ తెలిసే సాగే ఆట. ఇక్కడ కవి భీమిలి అని ఊరి పేరు పెట్టారు. ఊరి పేరు పెట్టడమంటే నేను అక్కడ ఉన్నాను, చూశాను అని సాక్ష్యం చెప్పడం. సాక్ష్యం చెప్పినవాణ్ణి ప్రశ్నించే హక్కు వినేవాడికి వస్తుంది.

నాలుగో పాదానిదీ అదే కథ. నెలవంక కడలికి కాంతి దుప్పటి కప్పజాలదు. సగం చంద్రుడే పున్నమి చంద్రుడి వెలుగులో సుమారు పదో వంతు ఇస్తాడు, సగం కాదు. ఇక నెలవంక సంగతి చెప్పనక్కరలేదు. "వార్ధి" ఎందుకు వచ్చిందో చూడండి. గేయమంతా కడలి, నింగి, ఇసుక, బిడ్డ అంటూ మెత్తగా నడుస్తున్నది, ఒక్కసారిగా నిఘంటువులోంచి వార్ధి ఊడిపడింది. "వంక"కు యతి కుదరడానికి వచ్చింది, అంతకుమించి దానికి పని లేదు. "పిల్లగాలికి" అన్నదీ భీమిలిలోని భీకి జోడీగా వచ్చినదే. నాలుగు పాదాల్లోనూ యతి నిక్కచ్చిగా చెల్లింది, ఒక్క పాదమూ గుర్తుండదు. మొదటి చరణంలో యతి తప్పినచోట ప్రాణం ఉంది. ఈ రెండు చరణాలనూ పక్కపక్కన పెట్టి ఆ కవికి చూపిస్తే వేరే పాఠం అక్కరలేదు.

మూడో చరణం దగ్గర కాసేపు ఆగాలి. సముద్రం తండ్రి, చంద్రుడు కొడుకు అన్నది క్షీరసాగర మథనం నాటి బంధుత్వం. పాలకడలి చిలికినప్పుడు లక్ష్మితో పాటు చంద్రుడూ పుట్టాడు కాబట్టే లక్ష్మి అందరికీ అమ్మ, ఆమె తోబుట్టువు చందమామ అందరికీ మామ అయ్యాడు. చంద్రుణ్ణి చూసి సముద్రం పొంగడమూ పాతదే. కాళిదాసు కుమారసంభవం మూడో సర్గలో పార్వతిని చూసి శివుడి ధైర్యం కొంచెం చలించడాన్ని చంద్రోదయవేళ సముద్రంతో పోల్చాడు. సంప్రదాయంలో ఈ పొంగు ఎక్కువగా ఆనందానిది, కాదంటే కోరికది. కొడుకును చూసిన తండ్రి ఉప్పొంగిపోయాడంటారు. మన కవి ఆ పొంగునే తీసుకుని దుఃఖం చేశారు. ఎదిగి ఇల్లు విడిచి వెళ్ళిన బిడ్డ, ఒడ్డు దాకా వచ్చి ఇంకిపోయే తండ్రి కన్నీళ్ళు. నీళ్ళు ఉప్పన అన్నమాట ఎక్కడా అనలేదు, గమనించారా? అనకపోవడమే మేలైంది. అనివుంటే చమత్కారం అయ్యేది, ఏడుపు ఆగిపోయేది. పిల్లలు దూరదేశాల్లో ఉన్న ఇళ్ళు ఇప్పుడు మన ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి, ఆ ఇళ్ళవారికి ఈ చరణం వివరించవలసిన పని లేదు.

ఇంకో మంచి పని కూడా చేశారు. కడలినీ జాబిలినీ ప్రేమికులను చేయలేదు. భావకవిత్వం తరవాత ఆ దారి బాగా నలిగింది. మన పాత లెక్కలో సముద్రుడు నదులకు భర్త, చంద్రుడు తారలకు భర్త. ఇద్దరూ సంసారాలున్నవాళ్ళు. వాళ్ళ మధ్య ప్రేమకథ పెట్టాలంటే ఒకరిని స్త్రీని చేయాలి, ఆ మార్పుకు గేయంలో ఏదో ఒక ఆధారం ఉండాలి. చాలామంది ఆ శ్రమ పడకుండా మొదటి పాదంలో కడలిని కన్యను చేసి, మూడో పాదంలో సాగరుడంటారు. ఈ కవి ఆ గోతిలో పడలేదు.

ఇప్పుడు "పోటు పోటున" అన్న మాట. మత్స్యకారులను అడిగితే పోటు, పాటు అంటారు, నీరు ఎక్కడం, దిగడం. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, ఒక రోజు వచ్చిన వేళకు మరునాడు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. విశాఖ, భీమిలి తీరంలో ఎక్కిన నీటికీ దిగిన నీటికీ తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖలో అయితే పది మీటర్లు దాటుతుంది. పున్నమికి పోటు పెద్దదన్నది అందరికీ తెలిసిందే. అంత పెద్ద పోటు అమావాస్యకు కూడా వస్తుంది. అప్పుడు సూర్యుడూ చంద్రుడూ ఒకే వైపు నుంచి లాగుతారు. చంద్రుడు అసలు కనిపించని రాత్రి అది.

ఆ సంగతి మనసులో పెట్టుకుని చరణం మళ్ళీ చదవండి. బిడ్డ కళ్ళ ముందు నిండుగా ఉన్న రాత్రి ఎంత పొంగుతాడో, బిడ్డ జాడే లేని రాత్రి కూడా ఆ తండ్రి అంతే పొంగుతాడు. కవి "పున్నమి పోటున" అని ఉంటే మాత్రలు ఎలాగో సర్దుకునేవారు, చాలామంది అలాగే రాస్తారు. "పోటు పోటున" అన్నారు, ప్రతి పోటుకూ అన్నమాట. కవికి అమావాస్య సంగతి తెలిసి రాశారో లేదో అడగకండి. పాదం దానికి చోటు ఇచ్చింది, పాఠకుడిగా మీరు అక్కడికి వెళ్ళవచ్చు. మంచి గేయం దగ్గర పాఠకుడికి దొరికే సుఖం ఇలాంటిదే.

అలంకారం పేరు చెప్పాలా అని మీకు సందేహం రావచ్చు. సముద్రాన్ని వర్ణిస్తూ తండ్రి వ్యవహారం స్ఫురింపజేస్తే సమాసోక్తి అంటారు. ఇక్కడ "కన్నతండ్రి" అని బయటకే అనేశారు కాబట్టి రూపకానికి దగ్గర అని ఒకరు, సముద్రం పేరే చెప్పలేదు కాబట్టి అతిశయోక్తి అని ఇంకొకరు వాదించవచ్చు. వాదించుకోనివ్వండి. మీరు రాసే రెండు ముక్కల్లో అలంకారం పేరు లేకపోయినా లోటు లేదు. పేరు చెప్పి ఊరుకోవడం కూడా "అద్భుతం" అనడం లాంటిదే, కాస్త పండితవేషం వేసుకుని వచ్చింది.

కాబట్టి ఆ కవికి ఇలా రాయవచ్చు: "మీ గేయంలో నాలుగో పాదం నన్ను పట్టుకుంది. విన్న కథలా మొదలైనది నా కాలికి తగిలేసరికి ఉలిక్కిపడ్డాను. మూడో చరణంలో పోటును తండ్రి దుఃఖం చేయడం నేను ఇంతకుముందు వినలేదు, 'పోటు పోటున' అనడం వల్ల అది ఒక్క పున్నమి రాత్రికే పరిమితం కాలేదు. రెండో చరణంలో మాత్రం నేను ఒడ్డున నిలబడలేకపోయాను. భీమిలిలో సందె వేళ నెలవంక సముద్రం వైపు ఉండదు కదా, మీరు చూసింది ఏ వేళ?" చివర ప్రశ్నగా అడిగారు చూడండి, అది ముఖ్యం. తప్పు పట్టడానికీ అడగడానికీ మధ్య మర్యాద ఉంది. పైగా జవాబులో నిజంగా ఏదైనా దొరకవచ్చు. మీ మాట నలుగురి ముందు చెప్పడం ఇబ్బందైతే ఆ చివరి రెండు వాక్యాలు విడిగా ఫోను చేసి చెప్పండి, మెచ్చుకోలు మాత్రం అందరి ముందే చెప్పండి.

ఆయన దిద్దుకోవాలనుకుంటే దారి లేకపోలేదు. భీమిలి సముద్రంలోంచి వంక జాబిలి లేచే వేళ ఒకటి ఉంది. బహుళ త్రయోదశినాడో చతుర్దశినాడో తెల్లవారుజామున, సూర్యుడికి కాస్త ముందుగా, సన్నగా తూర్పున నీళ్ళ మీదకు వస్తుంది. వలలు వేసుకుని వెళ్ళేవాళ్ళు తప్ప ఆ వేళకు ఒడ్డున ఎవరూ ఉండరు కాబట్టి దాన్ని పాడినవాళ్ళూ తక్కువే. "తెల్లవారక ముందె తూరుపు" అని మొదలుపెడితే మూడు, నాలుగు, మూడు, నాలుగు సరిపోతాయి. యతి చెల్లదు, అది ఆయన చూసుకుంటారు. కాంతి దుప్పటి మాత్రం తీసేయవలసి ఉంటుంది. ఆ వేళ అంత వెలుగూ ఉండదు, కడలి పడుకునీ ఉండదు. రెప్ప పడదని మొదటి పాదంలో ఆయనే అన్నారు.